కోయరోగము మొదలు స్వీయకథ వరకు: అడవి సరిహద్దు స్త్రీల వ్యాధికథనములు

వైద్యులు 'యాజ్' అని వ్యవహరించు అంటువ్యాధికి మధ్యభారతపు అడవులలో పెక్కు పేర్లు కలవు. వానిలో గోండీరోగము, మాడియారోగము, కోయరోగము అనునవి మూడు. ఈ మూడును వ్యాధిలక్షణమును బట్టి గాని, అది సోకు అవయవమును బట్టి గాని పుట్టిన పేర్లు కావు. వ్యాధిగ్రస్తుల జాతిని బట్టి పుట్టినవి. రోగి జాతియే రోగమునకు పేరైనప్పుడు ఆ పేరు పెట్టినవాడు వెలుపలివాడని వేరుగ చెప్పనక్కరలేదు. తన కాలి పుండును చూచుకొని ఏ కోయస్త్రీయు 'ఇది కోయరోగము' అని యనుకొని యుండదు. ఖమ్మము, భద్రాచలము అడవి సరిహద్దున స్త్రీలు తమ దేహబాధను గూర్చి తాము చెప్పుకొన్న మాటలను పరిశీలింపబూనిన మాకు ఈ పేరు తగిన యారంభస్థానముగ తోచినది. వ్యాకరణపరిభాషలో చెప్పవలెనన్న, ప్రథమపురుషలో నుండిన రోగిష్ఠి స్త్రీ ఉత్తమపురుషలోనికి ఎప్పుడు, ఏ దారిని వచ్చినది అనునదే ఈ వ్యాసమునకు విషయము. ఆమె వచ్చిన దారి పాశ్చాత్యసాహిత్యమున వ్యాధిస్మృతులు నడచిన దారి కాదనియు, అందుచేతనే అది మన పరిశోధకుల కంటికి సులభముగ ఆనుట లేదనియు మా యభిప్రాయము.

ముందుగా ప్రదేశమును గూర్చి కొంత చెప్పవలసి యున్నది. తెలుగుదేశమున ఈ ప్రాంతపు సరిహద్దులు మారినన్ని పర్యాయములు వేరొక ప్రాంతపు సరిహద్దులు మారి యుండవేమో. గోదావరికి ఎడమగట్టున నున్న భద్రాచలము, రేకపల్లి తాలూకాలను 1860లో నిజాము ఆంగ్లప్రభుత్వమునకు ఒప్పగించెను. అవి కొంతకాలము మధ్యపరగణాలలోని ఎగువగోదావరి జిల్లాలో నుండి, 1874లో చెన్నరాష్ట్రపు గోదావరి జిల్లాలో చేరినవి. కుడిగట్టున పాల్వంచ సంస్థానము నిజాము రాజ్యముననే నిలిచినది. 1953 అక్టోబరు 1న వరంగల్లు జిల్లానుండి ఖమ్మము జిల్లా ఏర్పడినది. 1959లో భద్రాచలము, నూగూరు తాలూకాలు తూర్పుగోదావరినుండి వచ్చి దానిలో కలిసినవి. మరల 2014లో భద్రాచలము పట్టణమును విడిచి దాని చుట్టుపట్ల గల మండలములు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. 2016లో పట్టణము భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో చేరినది. ఒకప్పుడు ఏటికి ఈవల జ్వరపడినవాడు నైజాము రోగి, ఆవల జ్వరపడినవాడు మదరాసు రోగి. నేడును పట్టణము తెలంగాణమున, దాని పొలిమేరనే యున్న ఎటపాక ఆంధ్రప్రదేశమున ఉన్నవి. ఈ ప్రాంతపు వ్యాధిచరిత్రను ఒక్క ప్రభుత్వపు దస్త్రములను చూచి వ్రాయబూనినవాడు సగము రోగులను విడిచిపెట్టవలసినదే.

చలిజ్వరము మాత్రము ఈ పొలిమేరలను పాటింపలేదు. 1879-80 నాటి రంప పితూరీలోను, 1922-24 నాటి అల్లూరి సీతారామరాజు తిరుగుబాటులోను మన్యమునకు పంపబడిన పోలీసులను, సైనికులను జ్వరము పీడించిన సంగతి ప్రభుత్వపు వ్రాతలలో విశేషముగ కానవచ్చును. సర్కారువాని జ్వరము దస్త్రమున కెక్కినంత సులభముగ గూడెములోని ఆడుదాని జ్వరము ఎక్కలేదు.

ఇక యాజ్ సంగతి. ఇది ముఖ్యముగ పిల్లలకు, చర్మసంపర్కమున సోకునది. మొదట ఒక పొక్కు, పిదప దేహమంతట పొక్కులు. చికిత్స లేనిచో కొన్నియేండ్లకు ఎముకలు వంగును. అరికాళ్లు మందమై, పగిలి, రోగి పాదమంతయు నేల మోపలేక పీతవలె నడచును. ప్రాణమును తీయదు గాని నడకను తీయును. కట్టెలకు, గడ్డలకు, నీళ్లకు నిత్యము నడువవలసిన స్త్రీకి నడక పోవుట యనగా నేమో ఊహింపదగినది. పెనిసిలిను కనుగొనబడిన పిదప ఒక్క సూదిమందుతో నయమగు జబ్బైనది. 1950 దశాబ్దమున పలురాష్ట్రములలో దీనిపై ఉద్యమము నడచినను వేరు తెగలేదు. 1996-97లో ఒరిస్సాలోని కోరాపుటు జిల్లాలో నిర్మూలనకార్యక్రమము క్రొత్తగ మొదలై ఇతరప్రాంతములకు వ్యాపించినది. 2006లో ఈ వ్యాధి దేశమున నిర్మూలితమైనదని భారతప్రభుత్వము ప్రకటించినది. 2016లో ప్రపంచ ఆరోగ్యసంస్థ దానిని ధ్రువపరచినది. ఇంతటి విజయమునకు గ్రామముల సంఖ్యలు, సూదిమందుల సంఖ్యలు, తేదీలు సాక్ష్యముగ నున్నవి. పీతనడక నడచిన స్త్రీ ఈ కాగితములన్నిటిలోను ఒక అంకె. 'ఆమె' అనుటకైన వీలులేని ప్రథమపురుష.

అటులని అడవి సరిహద్దున స్త్రీకి మాట లేకుండెనని కాదు. ఆమె మాట ఇతరుల చేతిమీదుగ మనకు చేరుట ఇక్కడి ప్రాచీనసంప్రదాయము. భద్రాచల స్థలకథలో పోకల దమ్మక్క అను వృద్ధురాలికి కలలో రాముడు కానవచ్చి, పుట్టలోని విగ్రహముల జాడ చెప్పెనందురు. తాటియాకుల పందిరి వేసి తొలుత పూజించినది ఆమెయే. అయినను ఆమె కల ఆమె మాటలలో మనకు దక్కలేదు. గుడి కట్టించి చెరసాలపాలైన కంచెర్ల గోపన్న తన దెబ్బలను, తన యాకలిని, తన కోపమును గూడ కీర్తనలుగ పాడుకొనగా లోకము వానిని కంఠస్థము చేసినది. ఒక్క ఊరి కథలోనే పురుషుని దేహబాధ ఉత్తమపురుషలో నిలుచుట, స్త్రీ దర్శనము సైతము ప్రథమపురుషలో మిగులుట గమనింపదగినది.

స్త్రీల పాటలలో వేరొక ఏర్పాటు కలదు. కృష్ణశ్రీ సంకలనము చేసిన 'స్త్రీల రామాయణపు పాటలు' చూచినవారికి కౌసల్య వేవిళ్లును, పురిటినొప్పులును ఎంత విపులముగ వర్ణింపబడినవో విదితమే. కావ్యరామాయణములలో రామజననము పాయసముతో మొదలై పుష్పవృష్టితో ముగియును. నడుమనున్న నొప్పి కవులకు పట్టలేదు. స్త్రీలు ఆ నడుమభాగమునే పట్టుకొనిరి. వెల్చేరు నారాయణరావుగారు 1991లో వెలువరించిన తమ యాంగ్లవ్యాసమున ఈ పాటలను స్త్రీల సొంత రామాయణముగ వివరించియున్నారు. మాకు తోచినదేమన, తన నొప్పిని 'నా నొప్పి' అని పలుకుటకు మర్యాద అడ్డువచ్చిన స్త్రీ దానిని కౌసల్యకు అప్పగించినది. ఇది ఉత్తమపురుష కాదు. అయినను కోయరోగమువంటి ప్రథమపురుషయు కాదు. అనుభవించినవారు పెట్టిన పేర్లు, అనుభవించినవారు కుదిర్చిన క్రమము ఇందు కలవు. ఈ పాటలు పైకులముల ఇండ్లలో పాడుకొన్నవనియు, అడవి గూడెములకు చెందినవి కావనియు మరువరాదు.

ఇచట మాటల సంగతి కొంచెము విస్తరించి చెప్పుటకు పాఠకులు అనుమతింతురు గాక. ఆంగ్లరచయిత్రి వర్జీనియా వుల్ఫు 1926లో రోగస్థితిని గూర్చి ప్రసిద్ధమైన వ్యాసమొకటి వ్రాసి, ప్రేమకు యుద్ధమునకు దక్కిన స్థానము సాహిత్యమున వ్యాధికి దక్కలేదనియు, తలనొప్పిని చెప్పుటకు ఆంగ్లమున మాటలు చాలవనియు వాపోయినది. మొదటి మాట మనకును చెల్లును. రెండవది తెలుగునకు చెల్లదు. తలకు పోటు, పంటికి సలుపు, కాళ్లకు తీపులు, పీకులు, కంటికి మంట, మెడకు పట్టు, చేతికి తిమ్మిరి, కడుపులో మెలిపెట్టుట, గుండెలో కలుక్కుమనుట, పుండు చుర్రుమనుట, ఒంట్లో నలతగ నుండుట - వీనిలో ఏ రెండును ఒకటి కావు. పురుడు పోయు మంత్రసాని 'పోటా, సలుపా, లాగుటయా' అని యడిగినపుడు ఆమె నిదానమే చేయుచున్నది. తెలంగాణపు పలుకులో 'గుంజుడు', 'సుస్తి', 'జరము' కలవు. అన్నిటికంటె గొప్పది 'పాణము మంచిగ లేదు' అను నుడి. దీనిని మనము అలవాటుగ 'ఆరోగ్యము బాగులేదు' అని దిద్దుదుము. కాని చెప్పిన స్త్రీ తన శరీరమను యంత్రము చెడినదని చెప్పుట లేదు. ప్రాణమే బాగులేదని చెప్పుచున్నది. వంట, కూలి, పిల్లలు, మగని మాట, అప్పు - ఇవన్నియు ఆ పాణమునకు లోపలివే. తెలుగున కొరవడినది మాట కాదు. ఆ మాటను కాగితముమీద పెట్టు అవకాశము.

ఆ యవకాశము ఎటువంటిదై యుండవలెనో పాశ్చాత్యదేశముల ఉదాహరణము వలన స్పష్టమగును. హేరియెటు మార్టినో దీర్ఘరోగమున మంచము పట్టి, 1844లో రోగిగదిలోని జీవితమును గూర్చి గ్రంథము ప్రకటించినది. టైన్మతు అను సముద్రతీరపు ఊరిలో ఆమెకు ఒక గది, ఆ గదికి కిటికీ, కిటికీ యొద్ద దూరదర్శిని కలవు. వ్యాధి ఆమెను పనినుండి తప్పించి, ఏకాంతము నిచ్చినది. ఆ యేకాంతమే గ్రంథమైనది. అమెరికాలోని నల్లజాతి కవయిత్రి ఆడ్రి లార్డు 1980లో ప్రకటించిన కేన్సరు దినచర్యలు వేరొక కాలపువి, వేరొక కోపము గలవి. అయినను దినచర్య వ్రాయుటకు కాగితము, చదువు, తీరిక ముందుగ నుండవలెను. మనకు పొరుగుననే మరాఠీలో కొల్హాపురపు నసీమా హుర్జూక్ చక్రముల కుర్చీయే పేరుగ స్వీయకథ వ్రాసినది. ఆమె తనవంటివారికై సంస్థను స్థాపించి నడపినది. వీరి గ్రంథములను తక్కువ చేయుట మా యుద్దేశము కాదు. వ్యాధిస్మృతి యను సాహిత్యశాఖకు ఒక గది కావలసి యున్నదని మాత్రమే చెప్పుచున్నాము. అడవి సరిహద్దు స్త్రీకి రోగిగది లేదు. జరము వచ్చినను నాటుకు పోయితిననియు, నడుము పట్టినను నీళ్లు మోసితిననియు ఆమె చెప్పును. ఆమె వాక్యములో పని ప్రధానము, జబ్బు ఉపవాక్యము. జబ్బును ప్రధానవాక్యముగ వెదకు పరిశోధకునికి ఏమియు దొరకదు. '-నను' అను ప్రత్యయము యొద్ద ఆగి చూచువానికి దొరకును.

ఈ దృష్టితో చూచిన, మన విషయమునకు అన్నిటికంటె ముఖ్యమైన పుస్తకము వ్యాధిని గూర్చినది కానేకాదు. 1986లో స్త్రీశక్తి సంఘటన హైదరాబాదున ప్రకటించిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ రైతాంగపోరాటమున పాల్గొన్న స్త్రీల కథలను వారి నోటనే చెప్పించి, ధ్వనిముద్రణము చేసి, వ్రాసి కూర్చినది. కె. లలిత, వసంత కన్నబిరాన్, రమా మేల్కోటే, ఉమామహేశ్వరి, సూసీ తారు, వీణా శత్రుఘ్న అను ఆరుగురు దీనికై పనిచేసిరి. వీరిలో వీణా శత్రుఘ్న వైద్యురాలు. 1989లో ఆంగ్లరూపము వెలువడినది. చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం, కమలమ్మ, ప్రియంవద, అచ్చమాంబ, కొండపల్లి కోటేశ్వరమ్మ, బ్రిజ్‌రాణి, జమాలున్నీసా బేగం మున్నగువారు ఇందలి కథకురాండ్రు.

పోరాటము 1946లో ముదిరినది. 1948 సెప్టెంబరు 13 మొదలు 17 వరకు జరిగిన పోలీసుచర్య తరువాత దళములు మైదానమును విడిచి పాల్వంచ, ఇల్లెందు, ములుగు అడవులలోనికి, గోదావరి యొడ్డునకు తరలిపోయినవి. 1951 అక్టోబరు 21న పోరాటవిరమణము ప్రకటింపబడినది. ఈ మూడేండ్లలో అడవికి వెళ్లిన స్త్రీలు మైదానపువారు; వారికి ఆశ్రయమిచ్చినవారు కోయలు. కోయలు దళములకు తిండి పెట్టకుండ చేయుటకై ప్రభుత్వము గూడెములను ఖాళీ చేయించి, జనమును పెద్ద ఊళ్లయొద్ద శిబిరములలో చేర్చినది. పుచ్చలపల్లి సుందరయ్యగారి పోరాటచరిత్ర (1972) ఈ శిబిరములను గూర్చియు, స్త్రీల పాత్రను గూర్చియు చెప్పుచున్నది. ఆ గ్రంథము యొక్క విలువ కాదనరానిది. కాని అందు దేహము త్యాగమునకు సాధనము. దెబ్బ తిన్న దేహము, చిత్రహింస పొందిన దేహము, నేలకొరిగిన దేహము అందు కలవు. నెల తప్పిన దేహము, నడువలేని దేహము, చలికి వణకుచు దళమునకు భారమైతినేమో యని సిగ్గుపడిన దేహము అట్టి చరిత్రలలో ఇముడవు.

స్త్రీల నోటికథలలో ఇవి వచ్చి చేరినవి. కమలమ్మ కథ అందరెరిగినదే. ఆమె అడవిలో బిడ్డను కన్నది; పసివాని యేడ్పు దళమునకు ముప్పగునని, బిడ్డయా దళమా అను ప్రశ్న వచ్చినది; బిడ్డను ఇతరుల కప్పగింపవలసి వచ్చినది. దీనిని మన వ్యాసకర్తలు మాతృత్వమును గూర్చిన ఘట్టముగ, లేక ఉద్యమక్రమశిక్షణమును గూర్చిన ఘట్టముగ చదివిరి. రెండును సరియైనవే. మూడవ పఠనము కూడ కలదు. ప్రసవించిన స్త్రీ దేహము బిడ్డను ఇచ్చివేసిన నాటితో మామూలుకు రాదు. పాలు నిలుచును, జ్వరము వచ్చును, రక్తస్రావము ఆగదు, నడక మాత్రము ఆగరాదు. ఈ విషయములను ఏ మంత్రసాని యైనను చెప్పగలదు. నలువదేండ్లకు దగ్గరగ గడచిన పిదప కథ చెప్పిన కమలమ్మ స్వరమున ఆ దేహము యొక్క జ్ఞాపకము కలదని గుర్తించినప్పుడు గాని ఆ కథను మనము పూర్తిగ చదివినట్లు కాదు. దీర్ఘవ్యాధి యనగా మందులషాపులో పేరు దొరకు జబ్బు మాత్రమే కాదు. ఒకనాడు జరిగినదానిని దేహము ఎన్నాళ్లు మోయునో అన్నాళ్ల లెక్కయు అందు చేరును.

మల్లు స్వరాజ్యము రాజక్క యను పేరిట ఈ గోదావరి యడవులలో కోయల నడుమ పనిచేసినది. 1986 నాటి పుస్తకమున చెప్పిన కథను విస్తరించి, 2019లో 'నా మాటే తుపాకీ తూటా' యను స్వీయకథగ విమల, కాత్యాయని అను వారలకు చెప్పి వ్రాయించినది. అప్పటికామెకు ఎనుబదియేడెనిమిదేండ్లు, 2022 మార్చి 19న కాలధర్మము నొందినది. పదునారు, పదునేడేండ్ల వయస్సున కొండలెక్కిన కాళ్లను గూర్చి వార్ధక్యమున కూర్చుండి చెప్పిన గ్రంథమది. పేరునందే 'మాట' యున్నది, 'వ్రాత' లేదు. ఈ సంగతి యాదృచ్ఛికమని మేము తలంపము.

ఇచట విద్యార్థులు తరచుగ అడుగు ప్రశ్నకు సమాధానము చెప్పవలసి యున్నది. చెప్పగా ఇతరులు వ్రాసినది స్వీయచరిత్ర యగునా? అది కథకురాలిదా, లేఖకులదా? సిద్ధాంతవ్యాసముల పరిధినుండి ఇట్టి గ్రంథములను 'సాక్ష్యములు' అని పేరిడి తొలగించుట మన విభాగములలో అరుదు కాదు. తిక్కనసోమయాజి చెప్పగా కుమ్మరి గురునాథుడు వ్రాసెనను ఐతిహ్యమును మనమే తరగతిలో సంతోషముగ చెప్పుదుము. భారతము గురునాథునిదని ఎవరును అనలేదు. మరి దగ్గరి ఉదాహరణము కలదు. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు చూపు కోల్పోయిన పిదప తమ 'స్వీయచరిత్రము'ను చెప్పి వ్రాయించిరి. 1944లో అది వెలువడినది. తెలుగు స్వీయచరిత్రలలో దాని స్థానమును ఎవరును ప్రశ్నింపలేదు. అంధుడైన పండితుడు చెప్పిన దానికి లభించిన గౌరవము చదువులేని స్త్రీ చెప్పిన దానికేల లభింపరాదు? చూపు లేమి చేతను, చదువు లేమి చేతను కలము చేతికి రాకుండుట ఒక్కటే. మొదటిదానిని దురదృష్టముగను, రెండవదానిని అనర్హతగను ఎంచుట పాడి కాదు. లేఖకుల చేయి ఎంతవరకు పోయినదో పరిశీలింపవలసినదే. కాని అది పాఠపరిష్కరణ సమస్య, కర్తృత్వ సమస్య కాదు.

తమ చేతితో వ్రాసినవారిని గూర్చి కొలదిగ చెప్పుదుము. ఏడిదము సత్యవతిగారి 'ఆత్మచరితము' (1934) తెలుగున స్త్రీ వ్రాసిన తొలి స్వీయచరిత్రలలో నొకటి. అది తీరాంధ్రమునకు చెందినది. రాజమహేంద్రవరమున 1909లో జన్మించిన దుర్గాబాయమ్మ 1930-33 మధ్య చెరసాలల పాలై, మధురలో ఒంటరి గదిలో నుండగా ఆరోగ్యము చెడినది. 1980లో ఆంగ్లమున వెలువడిన ఆమె స్మృతులలో అదియొక ఘట్టము. ఆమె జీవితమున ఆ ఘట్టమునకు ఫలితములు మాత్రము పెక్కు. 1937లో స్థాపించిన ఆంధ్ర మహిళా సభ పిదప వైద్యశాలలను, పోలియో సోకిన పిల్లలకై ఎముకలవైద్యకేంద్రమును నడపినది. పెద్దవయస్సు స్త్రీలు తక్కువకాలమున పరీక్షలకు సిద్ధమగు సంగ్రహవిద్యాప్రణాళికను దుర్గాబాయమ్మ కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ద్వారా దేశమంతట వ్యాపింపజేసినది.

ఈ రెండు పాయలు కలియుచోటు మాకు మిక్కిలి ఆసక్తికరముగ నున్నది. రహస్యజీవితము ముగిసి, భర్త విడిచిపోగా, ముప్పదియైదేండ్ల ప్రాయమున కొండపల్లి కోటేశ్వరమ్మ హైదరాబాదున ఆంధ్ర మహిళా సభలో చేరి మెట్రిక్కు చదివినది. తరువాత కాకినాడలో పాలిటెక్నికు బాలికల వసతిగృహమున ఉద్యోగము చేసినది. 1986లో నోటితో కథ చెప్పిన ఆమెయే 2012లో, తొంబది దాటిన యేట, 'నిర్జన వారధి'ని ప్రకటించినది. 2018లో నూరేండ్లు నిండిన కొలదిదినములకు మరణించినది. ఆ పుస్తకము బిడ్డలను పోగొట్టుకొన్న తల్లి కథగ ప్రసిద్ధము. అది ముదిమి యొక్క కథ కూడ. దుర్గాబాయమ్మ తలపెట్టిన చదువు లేనిచో ఆ కలము లేదు. ఒక స్త్రీ యొక్క చెడిన ఆరోగ్యమునుండి మరియొక స్త్రీ యొక్క వ్రాతకు దారి పోయినదని మేము అనుటలేదు. అంత తేలికగ చరిత్ర నడువదు. సంస్థలు నడుమ నుండవలెనని మాత్రము అనుచున్నాము.

అటువంటి మరికొన్ని సాధనములు పుస్తకరూపముననే వచ్చినవి. డేవిడు వెర్నరు వ్రాసిన గ్రామవైద్యగ్రంథము హైదరాబాదు బుక్ ట్రస్టు ద్వారా 'వైద్యుడు లేని చోట' యను పేరున తెలుగువారి చేతికి వచ్చినది. వెర్నరు స్వయముగ కండరముల వ్యాధితో నడక ఇబ్బంది గలవాడు. 1991లో స్త్రీల ఆరోగ్యమును గూర్చి 'సవాలక్ష సందేహాలు' వెలువడినది. ఈ రెండవ పుస్తకము పేరును గమనింపుడు. సందేహమనునది ఉత్తమపురుషలోనే యుండును; పరులకు వచ్చిన సందేహము సందేహము కాదు, వార్త. స్త్రీలు సిగ్గు విడిచి అడిగిన ప్రశ్నల రూపము ఒక విధముగ స్వీయకథకు బీజము. సాహిత్యచరిత్రకారులు వైద్యపుస్తకములను తెరువరు గనుక ఇది వారి కంట బడలేదు.

నేటి స్థితిని గూర్చి కొంత. కోయరోగము పోయినది, కోయల రక్తమున నున్న మరియొక వ్యాధి పోలేదు. ఎఱ్ఱకణములు కొడవలివలె వంకరపోవు ఈ వంశపారంపర్యవ్యాధిని సికిల్‌సెల్ అందురు. 1910లో చికాగోలో దీనిని వైద్యులు తొలుత వర్ణించిరి. 1952లో నీలగిరులలోని ఆదివాసులలో ఉన్నట్లు కనుగొనిరి. మధ్యభారతమునందును, గోదావరి తీరమునందును గల ఆదివాసీకులములలో ఇది కానవచ్చుచున్నది. కీళ్లలో, ఎముకలలో హఠాత్తుగ దుర్భరమైన నొప్పి, రక్తహీనత, పసరికలు, గర్భిణికి ప్రాణాపాయము దీని లక్షణములు. నొప్పి వచ్చిపోవుచుండుటచే, చూచువారికి రోగి సోమరివలె తోచును. నిన్న కూలికి వచ్చినది, నేడు రాలేనన్నదని మేస్త్రీ యనును. కోడలు నటించుచున్నదని అత్త యనును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఇరువదియొక్క విధముల వైకల్యములలో దీనిని చేర్చినది. 2023 జూలై 1న మధ్యప్రదేశములోని శహడోలున జాతీయ నిర్మూలనకార్యక్రమము ప్రారంభమైనది. 2047 నాటికి వ్యాధిని తొలగింపవలెనని లక్ష్యము. రక్తపరీక్ష చేసి, వ్యాధి యున్నదా, వాహకత్వము మాత్రమే యున్నదా తెలుపు కార్డులు ఇచ్చుచున్నారు. వివాహమునకు ముందు వధూవరులు వానిని సరిచూచుకొనవలెనని సలహా.

ఇవి మేలైన పనులే. చట్టములో పేరు చేరుట వలన పింఛనుకు, వైద్యమునకు దారి యేర్పడినది. కాని కార్డు మీద స్త్రీ మరల ప్రథమపురుష. దానిని చూచి పిల్లను వద్దనువారు పిల్లవానిని వద్దనువారికంటె ఎక్కువగ నుందురని మన సంఘమును ఎరిగినవారు వేరుగ అడుగనక్కరలేదు. తన నొప్పి నిజమని మేస్త్రీకి, అత్తకు, వైద్యునికి, పింఛను గుమాస్తాకు నలుగురికి నాలుగు విధములుగ నిత్యము నిరూపించుకొనుచున్న స్త్రీ తన స్వీయకథను చెప్పుచునే యున్నది. వినువారు దానిని దరఖాస్తుగ మాత్రమే వినుచున్నారు. తెలుగు విభాగమునకు ఇందు పనియున్నది.

ఆ పని చేయబూను పరిశోధకవిద్యార్థులకు పాఠలేఖనమును గూర్చి రెండు సూచనలు చేయుదుము. కోయభాష గోండీకి చెందిన ద్రావిడభాష. నొప్పిపేర్లను ఆ భాషలోనే వ్రాసికొని, తెలుగును ప్రక్కన నుంచవలెను గాని, తెలుగును వ్రాసి కోయమాటను విడిచిపెట్టరాదు. మంత్రసానులను, ముసలివారలను వేరుగ అడిగి ఒక్కొక్క పేరు ఏ యవయవమునకు, ఏ వేళకు, ఏ పనికి చెందినదో గుర్తింపవలెను. కీళ్లనొప్పి పొద్దుననా, కలుపు తీసి వచ్చిన పిదపనా యను భేదమును మాట దాచుకొని యుండవచ్చును. తెలుగు మాటాడు స్త్రీలయొద్ద వ్రాసికొనునపుడు '-నను', '-నా' యను చోట వాక్యమును విరువరాదు. జబ్బు ఒక వాక్యము, పని యొక వాక్యముగ విడదీసి చక్కదిద్దిన పాఠములో ఆమె చెప్పినది మిగులదు. 'పాణము మంచిగ లేదు' అన్నదానిని 'ఆరోగ్యము బాగులేదు' అని మార్చరాదు. 'మాకు జరము' అన్నదానిని 'నాకు జ్వరము' అనియు మార్చరాదు. ఆ 'మా'లో ఎవరెవరు ఉన్నారో ఆమెనే అడిగి, అంచున వ్రాసికొనవలెను.